ఊఁకొట్టుకి మూడు బాణాలు

మూడు తలలున్నంత మాత్రాన ఏ జీవీ గొప్పదైపోదని బాణం అక్కకి గట్టి నమ్మకం. తల ఉందంటే దానికో పని ఉండాలి. ఒక తల నిప్పులు కక్కుతూ చెమటోడుస్తుంటే, రెండోది కునికిపాట్లు పడుతూ, మూడోది దిక్కులు చూస్తూ ఉంటే అది జీవి ఎలా అవుతుంది, ఆఫీసు అవుతుంది గానీ. ఈ మాట ఆమె ఆన్‌లైన్‌లో పెట్టే తన ఆదివారం కార్యక్రమంలో అన్న రోజున విన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎవరో ఆ ముక్కని మాత్రం కత్తిరించి నలుగురికీ పంచారు. అప్పట్నుంచీ వింత జీవుల ఆటల గురించి ఎక్కడ ఎవరు వాదులాడుకున్నా, "ఇంతకీ బాణం అక్క ఏమంది?" అని అడగటం రివాజైపోయింది.

ఆ ఆటలు తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. తెర మీద అడవులుంటాయి, గుహలుంటాయి, ఊళ్ళుంటాయి. వాటిలో తిరుగుతూ కనబడిన జీవినల్లా పట్టుకోవాలి, పెంచాలి, పెంచినవాటిని వెంటేసుకుని పోరాటాలకు దిగాలి. ఎన్నింటిని పట్టినా వెంట తీసుకుపోగలిగేది ఆరింటినే. మిగిలినవి కొట్టుగదిలో పడుంటాయి. చెప్పుకోవడానికి పిల్లల ఆటే గానీ, చిన్నప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ మానలేకపోయినవాళ్ళు లోకం నిండా ఉన్నారు. బాణం అక్క వాళ్ళలో ఒకరు. "నా కూతురు జీవాలు కాస్తుంది" అని వాళ్ళమ్మ ఇరుగుపొరుగుకి చెబుతూ ఉంటుంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇంతవరకూ ఎవరికీ అంతుబట్టలేదు.

ఆదివారం భోజనాలయ్యాక ఆమె పడకగది తలుపు వేసుకుని, కింద సందులో దుప్పటి కుక్కి, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. పిల్లగా ఉన్నప్పుడు బొద్దుగా ముద్దుగా ఉన్న జీవి పెద్దయ్యాక రెండు కాళ్ళ మీద నిలబడి, నడుముకి బెల్టు పెట్టుకుని కండలు చూపిస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. గుహలో రెండడుగులు వేసేసరికి గబ్బిలం అడ్డం రావడం పోరాటం కాదనీ, చెవిలో జోరీగ అనీ ఆమె లెక్క. కొత్త ఆట వచ్చిన ప్రతిసారీ మొదటి ఊళ్ళో ఒక ముసలాయన ఎదురై వల ఎలా విసరాలో నేర్పుతాడు కదా, "ఆయన పుట్టకముందు నుంచీ విసురుతున్నాను నేను" అని ఆయన్ని దుమ్మెత్తిపోస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన అభిప్రాయం మాత్రం ఆరో చోటు గురించి. మొదటి ఐదింటినీ ఎవరైనా చూసుకునే ఎంచుకుంటారట. ఆరో దాని దగ్గరే మనసు మెత్తబడి, మొదట్లో దొరికిందనో, చూడ్డానికి బావుందనో పనికిరానిదాన్ని మోసుకు తిరుగుతారట. "జట్టంటే సత్రం కాదు" అంటుంది బాణం అక్క. "జాలిపడి ఎవర్నీ ఉంచుకోకూడదు."

ఆ బాణం పేరు ఆటల్లోంచి వచ్చింది కాదు, ఉద్యోగంలోంచి వచ్చింది. ఆమె చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. ట్యూబ్‌లైట్ల కింద తెల్లటి బల్ల. కుట్టిన చొక్కా బల్ల మీదకి వస్తుంది, ఆమె కాలరు నుంచి అంచు దాకా కళ్ళూ వేళ్ళూ కలిపి నడిపిస్తుంది. ఎక్కడ కుట్టు తప్పినా, దారప్పోగు వేలాడినా, రెండు కాలరు కొనల్లో ఒకటి పొట్టిదైనా, ఆ లోపం వైపు మొన తిప్పి ఎర్రటి బాణం స్టిక్కరు ఒకటి అంటిస్తుంది. అంతే, ఆ చొక్కా వెనక్కి పోతుంది. ఆమె స్టిక్కర్ల చుట్ట చేతిలోకి తీసుకుందంటే కుట్టేవాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క ఉండదు. కార్యక్రమంలోనూ జీవులకి మార్కులకు బదులు బాణాలు వేయడం అలా అలవాటైంది. ఎన్ని తక్కువైతే అంత మంచి జీవి. ఒక్క బాణం కూడా పడని జీవి ఇంతవరకూ పుట్టలేదు.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతానంటే జీతమిచ్చే పుణ్యాత్ములున్నారు, నీ అదృష్టమే అదృష్టం" అంటుంది వాళ్ళమ్మ.

ఆమెకో తమ్ముడున్నాడు. ఇంట్లో అందరికీ వాడు చిన్నోడు. ఒడ్డూ పొడుగూ పెరిగినా, గడ్డంలో అక్కడక్కడా తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా చిన్నోడే. సైన్‌బోర్డుల షాపులో బొమ్మలు గీసి, అక్షరాలు కత్తిరించే పని వాడిది. పక్కవీధిలోనే ఒక గదిలో ఉంటాడు. మాట తక్కువ. ఎవరైనా మాట్లాడుతుంటే మాత్రం వాడిలా వినేవాడు ఇంకొకడు లేడు.

చిన్నప్పుడు ఆ ఇంట్లో ఆట ఆడే బుల్లి మెషీను ఒకటే ఉండేది. దాని తెరకి సొంత వెలుతురు లేదు, కిటికీ పక్కన కూర్చుంటేనే కనబడేది. అక్క కిటికీకి ఎడమ భుజం ఆనించి కూర్చునేది. చిన్నోడు కుడివైపు. ఎడమవైపు కూర్చుంటే వాడి నీడ తెర మీద పడుతుందని ఆమె మొదటిరోజే మోచేత్తో ఒక్కటిచ్చింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు. వాడు మోకాళ్ళు కావలించుకుని, తల అక్కవైపు వాల్చి కూర్చునేవాడు. ఆమె ఆడుతూ కథ చెబుతూ ఉండేది. "ఇప్పుడు మనం గుహలోకి పోతున్నాం." "ఊఁ." "లోపల దీపం తినే పురుగుంది." "ఊఁ." ఊఁ వినబడకపోతే వాడు నిద్రపోయాడని కోపం వచ్చేది ఆమెకి. వాడు నిద్రపోయేవాడు కాదు. గుహలో ఎటు తిరిగితే ఏముందో ఆమెకన్నా వాడికే బాగా గుర్తుండేది.

ఆడే వంతు వాడికి ఎప్పుడైనా వచ్చిందా అంటే, రాలేదు. బ్యాటరీ అయిపోవస్తోంది, రేపు ఇస్తాలే అనేది. రేపు కూడా బ్యాటరీ అయిపోవచ్చేది. అడిగుంటే ఇచ్చేదాన్నేమోనని ఇప్పుడు అనుకుంటుంది గానీ, వాడు అడక్కుండానే ఇవ్వాలని అప్పుడు తోచలేదు.

అలాంటి చిన్నోడు ఏళ్ళ తరబడి కూర్చుని సొంతంగా ఒక ఆట తయారు చేశాడు. షాపులో మూలన పడేసిన కంప్యూటరు మీద, పని అయ్యాక, ఎవరికీ చెప్పకుండా. ఆడదగ్గ స్థితికి వచ్చాక మొట్టమొదట అక్క దగ్గరికే తెచ్చాడు. ఒక చంకలో ల్యాప్‌టాప్, ఇంకో చంకలో చుట్టిన పెద్ద పోస్టరు. ఆటలోని జీవులన్నిటినీ ఒకే కాగితం మీద షాపు మెషీనులో ప్రింటు తీసి తెచ్చాడు.

"నువ్వు చూసి చెప్పాకే బయటపెడతానక్కా" అన్నాడు.

"మొహమాటం ఉండదు మరి" అంది ఆమె.

"మొహమాటపడితే నీ దగ్గరికెందుకు వస్తాను?"

ఆమె మంచం మీద బాసింపట్టు వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఈ తెరకి కిటికీ అక్కర్లేదు. అయినా చిన్నోడు చుట్టూ తిరిగి వెళ్ళి కుడివైపే కూర్చున్నాడు.

ఆట మొదలైంది. ముసలాయన లేడు, వల విసరడం నేర్పే పాఠం లేదు. ఆమె మొహం వెలిగిపోయింది. మొదటి ఊరు దాటకముందే, అడక్కుండానే ఒక జీవి వెంటపడింది. బూడిదరంగు, పొట్టిది, మెడ అనేదే లేదు, చెవులు మాత్రం చేటలంత. కూర్చున్నచోట మోకాళ్ళు కావలించుకుని ఉంది.

"ఇదేంట్రా?"

"ఊఁకొట్టు."

"ఏం చేస్తుంది?"

"ఊఁ కొడుతుంది."

"అది సరే. పోరాటంలో దెబ్బ ఎలా వేస్తుంది?"

"వెయ్యదు."

"పోనీ దెబ్బ కాస్తుందా?"

"కాయదక్కా."

"మరెందుకు, అలంకారానికా?"

"ఉంచి చూడు" అన్నాడు.

అంతకన్నా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం మళ్ళీ ఆమె మాటే. ఆట తన గొప్ప తనే చూపించుకోవాలి గానీ, చేసినవాడు పక్కన నిలబడి వివరించకూడదని ఆమె ఎన్ని ఆదివారాలు అందో. చిన్నోడు ఒక్క ఆదివారం కూడా వదలకుండా వినేవాడు.

పోరాటాల్లో ఊఁకొట్టు వంతు వచ్చినప్పుడల్లా తెర మీద ఒకే వాక్యం పడేది: "ఊఁకొట్టు ఊఁ కొట్టింది." మొదట రెండుసార్లు ఆమె నవ్వింది. తర్వాత విసుగొచ్చింది. దాన్ని కొట్టుగదిలో పడేద్దామంటే ఆట ఒప్పుకోలేదు. ఉంచుకుంటే వెంట ఉంచుకోవాలి, లేదంటే పూర్తిగా పంపించేయాలి. నది దగ్గరికి వచ్చేసరికి ఒడ్డున ఒక ఎద్దు నిలబడి ఉంది. కొమ్ముల మధ్య మెరుపులు, అడుగు తీసి అడుగు వేస్తే ఉరుము. ఎంత బాగా గీశాడని, ఆమె అరిచినంత పని చేసింది. పట్టేసుకుంది. జట్టులో ఆరూ నిండి ఉన్నాయి, ఎవర్నో ఒకర్ని పంపాలి.

ఆలోచించాల్సిన పనేముంది? ఊఁకొట్టుని పంపించేయాలా అని తెర అడిగింది. వాక్యం పూర్తిగా పడకముందే ఆమె వేలు అవును నొక్కేసింది. చొక్కా మీద స్టిక్కరు అంటించే వేగమే అది. ఊఁకొట్టు లేచి, కాస్త దూరం నడిచి, వెనక్కి తిరిగి చూసి, చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది.

"మంచినీళ్ళు తాగొస్తా" అని చిన్నోడు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మంచినీళ్ళు తాగడానికి మనిషికి అంతసేపు పడుతుందా అని ఆమె అప్పుడు అనుకోలేదు. ఎద్దుతో నది దాటించడంలో మునిగిపోయి ఉంది.

నది అవతల ఇంకో రెండూళ్ళు తిరిగి, ఇక చాలు, సంగతి అర్థమైందని ల్యాప్‌టాప్ మూసింది. పోస్టరు నేల మీద పరిచి, హ్యాండ్‌బ్యాగులోంచి స్టిక్కర్ల చుట్ట తీసింది. చిన్నోడు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఆరోజు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం. తమ్ముడి చేతిలో ఇంత పని ఉందని గర్వం, దానికి తను మెరుగుపెట్టబోతున్నానని ఇంకొంత గర్వం. ఎద్దుని ఆకాశానికెత్తింది. నది దగ్గర వచ్చే పాట బావుందంది. తాబేలుకి ఒక బాణం, తేలుకి ఒక బాణం. ఊఁకొట్టు దగ్గరికి వచ్చేసరికి చుట్టలోంచి వరసగా మూడు తీసింది.

"పోరాడదు, ఒకటి. పక్కన పెట్టనివ్వదు, రెండు." చెవి మీద ఒకటి, మోకాలి మీద ఒకటి అంటించింది. "మూడోది అసలైనది. చూస్తే జాలేస్తుంది. జాలి వేరు, ఇష్టం వేరురా. జాలి పుట్టించి బతికేది జట్టులో ఉండకూడదు. తీసిపారెయ్, ఆ చోట్లో ఎద్దుని మొదటే ఇచ్చెయ్. ఆట పరిగెడుతుంది చూడు." మూడో బాణం కంటి మీద పడింది.

"ఊఁ" అన్నాడు చిన్నోడు.

పోస్టరు అక్కడే వదిలేసి వెళ్ళాడు.

ఆట బయటికి వచ్చినప్పుడు ఆమె చెప్పినట్టే వచ్చింది. మొదటి ఊళ్ళోనే ఉరుముల ఎద్దు, దాంతో దౌడు. ఊఁకొట్టు ఊసే లేదు. ఆడినవాళ్ళు బావుందన్నారు. ఆమె తన కార్యక్రమంలో ఒక ఆదివారమంతా దానికే ఇచ్చి, "తమ్ముడని చెప్పట్లేదు, బాణాలు నాకు బంధుత్వాలు చూడవు" అని మరీ పొగిడింది. ఒక్క విషయంలోనే పెదవి విరిచింది. ముగింపు తుస్సుమంది. చివరి పోరాటం వస్తుంది, ఎద్దు పొడుస్తుంది, శత్రువు పడిపోతుంది, అంతే. గుండీ రంధ్రం కుట్టి గుండీ మర్చిపోయిన చొక్కాలా ఉందంది. ఫోనులో కూడా అదే చెప్పింది.

"ముగింపు ఎందుకురా అంత చప్పగా పెట్టావు?"

"ఊఁ. చూస్తానక్కా" అన్నాడు వాడు.

ఆ తర్వాత వాడు ఇంటికి రావడం తగ్గింది. పనెక్కువైంది కాబోలు అనుకుంది. పేరొచ్చాక కళ్ళు నెత్తికెక్కాయా అని కూడా ఒకసారి అనుకుంది. అలా అనుకోవడం తర్వాత ఆమెని చాలా బాధపెట్టింది.

ఒక సెలవురోజు వాళ్ళమ్మ బీరువా సర్దుతూ, అడుగున పరవడానికి కాగితం కోసం వెతికి, పైన పెట్టిన పోస్టరు దించింది. నేల మీద పరిచి, దులపబోయి ఆగిపోయింది.

"ఏమే, చిన్నోడి మీద ఇన్ని అంటించావేంటే?"

"చిన్నోడేంటి? అవి జీవులమ్మా."

"నాకు చెబుతావా? ఇదుగో, వీడు చిన్నోడు కాక మరెవరు? మోకాళ్ళు పట్టుకుని, తల ఇటు వాల్చి, చెవులు రిక్కించుకుని నీ పక్కన కూర్చునేవాడు చూడు. అన్నానికి లేవరా అంటే, అక్క కథ సగంలో ఉందమ్మా అనేవాడు. కుదురుగా గీసుకున్నాడు వెధవ, ఆ చెవులతో సహా."

ఆమె లేచి వచ్చి పోస్టరు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చూసింది. ఇంకేముంది చూడ్డానికి? బూడిదరంగు జీవి తల ఎడమవైపుకి వాలి ఉంది. ఎడమవైపు ఎవరో కూర్చుని ఉన్నట్టు, వాళ్ళ మొహంలోకే చూస్తున్నట్టు. రోజంతా దారప్పోగులు పట్టుకునే కళ్ళు తనవి. గోరంత కుట్టు తప్పితే పసిగట్టే కళ్ళు. తన పక్కన పెరిగిన పిల్లాడిని ఎదురుగా గీసి పెడితే గుర్తుపట్టలేదు. పైగా వాడు కుడివైపు కూర్చుని చూస్తుండగా, వాడి ముందే, నిన్ను ఉంచుకోనని అవును నొక్కేసింది. జాలి పుట్టించి బతికేది అన్న మాట తన గొంతులోనే వినబడి, చెవులు మూసుకోవాలనిపించింది.

ముందు ఆ స్టిక్కర్లు తీసేయాలనుకుంది. గోటితో అంచు లేపి లాగింది. అవి గుడ్డ కోసం చేసిన స్టిక్కర్లు. గుడ్డ మీంచి జాడ లేకుండా వస్తాయి. కాగితం మీంచి రాలేదు, రంగుతో సహా పై పొర చీల్చుకుని వచ్చాయి. చెవి మీద తెల్లటి మచ్చ పడింది. మోకాలి దగ్గర మెల్లగా, నీళ్ళద్ది, ఊపిరి బిగబట్టి తీసింది. అక్కడా అంతే. కంటి మీదిది తీయాలా వద్దా అని చాలాసేపు చూసింది. బాణం ఉంటే ఒక బాధ, తీస్తే ఒక బాధ. తీసింది. కన్ను పోయింది.

"కాగితమేగా, దానికి ఏడుపెందుకే?" అంది వాళ్ళమ్మ బిత్తరపోయి.

మర్నాడు మధ్యాహ్నం ఆమె సగం రోజు సెలవు పెట్టి, పోస్టరు చుట్టి పట్టుకుని సైన్‌బోర్డుల షాపుకి వెళ్ళింది. ముందు గదిలో గోడకానించిన బోర్డులు, రంగుల వాసన. వెనక గదిలో చిన్నోడు కిటికీ పక్కన బల్ల మీద వంగి, కత్తిరించిన అక్షరాల చుట్టూ మిగిలిన స్టిక్కరు కాగితాన్ని సూదిమొనతో లేపి తీస్తున్నాడు. ఏదో మందుల దుకాణం పేరు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంటక్కా, ఈవేళప్పుడు? అమ్మ బానే ఉందా?"

"అమ్మకేం, దివ్యంగా ఉంది. ఒరేయ్, ఊఁకొట్టుని మళ్ళీ పెట్టరా."

వాడు సూది పక్కన పెట్టాడు. "అదా? ఇప్పుడెందుకు? నువ్వు చెప్పింది కరెక్టే కదా. ఎద్దు ముందుకొచ్చాక ఆట పరిగెత్తింది. అందరూ అదే అన్నారు."

ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే బాగుండేది. వెతికినా లేదు. తిడితే పడటానికి సిద్ధపడి వచ్చిన మనిషికి అంతకన్నా కష్టం లేదు.

"చివర్లో అదేం చేసేది? అది చెప్పు."

"పోయినదాని గురించి ఎందుకులే."

"చెప్పరా."

చిన్నోడు ఇంకో స్టూలు లాగి ఆమెకి వేసి, తనూ కూర్చున్నాడు. చెబుతున్నప్పుడు చేతులు బల్ల మీది కాగితం ముక్కల్ని ఉండలు చుడుతున్నాయి.

"ఆఖరి శత్రువు మంచు. అది కమ్మితే జీవులన్నీ తమకొచ్చిన విద్య మర్చిపోతాయి. ఎద్దుకి ఉరమడం రాదు, తేలుకి కుట్టడం రాదు, ఒక్కొక్కటే పడిపోతాయి. ఊఁకొట్టుకి మర్చిపోవడానికి ఏ విద్యా లేదు కదా. అదొక్కటే మిగులుతుంది. అప్పుడు మొదటిసారి నోరు తెరుస్తుంది."

"తెరిచి?"

"నువ్వు మొదటి ఊరు నుంచీ ఎక్కడెక్కడ తిరిగావో, ఎవర్ని ఎక్కడ పట్టుకున్నావో, ఏ గుహలో దారి తప్పావో, అన్నీ వరసగా కథలా చెబుతుంది. అదంతా వింటూనే ఉంది కదా వెంట ఉండి. అది చెబుతుంటే పడిపోయినవాటికి ఒక్కొక్కటే గుర్తొచ్చి లేస్తాయి. అప్పుడు నీ చేతిలో ఒకే ఒక్క బటను ఉంటుంది. దాని మీద ఊఁ అని రాసుంటుంది." వాడు చిన్నగా నవ్వాడు. "అంతే. కథ అయిపోయేదాకా నువ్వు ఊఁ కొట్టాలి."

ఆమెకి తన మాటలే గుర్తొచ్చాయి. తుస్సుమన్న ముగింపు. గుండీ మర్చిపోయిన చొక్కా. గుండీని తనే తెంపి, ఏదిరా గుండీ అని వాడినే అడిగింది.

"నాకేం చెప్పేదిరా అది? నా ఆటలో?"

"ఎవరి ఆట వాళ్ళది కదా. నీ ఆటలో అయితే..." చిన్నోడు ఆలోచించాడు. "నువ్వు నది దాకానే ఉంచావక్కా. నది దాకానే తెలుసు దానికి."

"పాతది ఎక్కడైనా దాచావా? ఒక్కసారి ఆడతాను. పంపను."

"ల్యాప్‌టాప్‌లో దాని మీదే కొత్తది ఎక్కించాను, షాపులో ఉన్నదేమో వాళ్ళు ఆ కంప్యూటరు తీసేసినప్పుడు పోయింది. అవసరం లేదుగా అని నేనూ దాచలేదు. బొమ్మ కూడా నీ దగ్గరున్న పోస్టరు మీదే మిగిలింది." వాడి చూపు ఆమె చేతిలోని చుట్ట మీద పడింది. "తెచ్చావుగా. ఏదీ?"

ఇవ్వక తప్పలేదు. చిన్నోడు బల్ల మీద పరిచి, మూలల మీద కత్తెరా టేపూ పెట్టి చూశాడు. చెవి మీద తెలుపు, మోకాలి మీద తెలుపు, కన్ను ఉండాల్సిన చోట తెలుపు. ఆ మచ్చల మీద వేలితో ఒకసారి నిమిరాడు. ఏ స్టిక్కరు ఎక్కడ అంటిస్తే ఎలా వస్తుందో వాడికి చెప్పక్కర్లేదు, వాడి బతుకే స్టిక్కర్లతో.

"తీయకుండా ఉండాల్సిందక్కా" అన్నాడు. తర్వాత, "పర్లేదు, కాగితమేగా" అన్నాడు.

"నాకు తెలియలేదురా. అది నువ్వని తెలియలేదు. అమ్మ చూడగానే పట్టేసింది, నేను చూళ్ళేదు. నన్ను క్షమించు."

"భలేదానివి. ఆటలో బొమ్మకి క్షమాపణలేంటి?" అని చిన్నోడు పోస్టరుని మళ్ళీ జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టాడు. మొహం మాత్రం పైకెత్తలేదు.

"మళ్ళీ గీయి."

"ఇంకోటి మొదలుపెట్టానక్కా. కొత్త ఆట."

"ఏంటది? చెప్పు, వింటాను."

వాడు గొంతు సవరించుకున్నాడు. "ఒక ఊరుంటుంది. ఆ ఊళ్ళో అందరికీ ఒక్కో జీవి ఉంటుంది, ఒకడికి తప్ప. వాడేమో..." అంటూ ఆగాడు. ఆమె మొహం చూశాడు. కనుబొమలు చూశాడు, పెదవులు చూశాడు. చెకింగ్ టేబుల్ అవతల నిలబడే కుట్టేవాళ్ళ చూపు అది. ఆమె దాన్ని రోజూ చూస్తుంది, ఇంట్లో ఎప్పుడూ గమనించలేదు.

"బాలేదు కదా?" అన్నాడు.

"నేనేమీ అనలేదురా!"

"అనలేదు. మొహం చూస్తే అనిపించింది."

"ఇది నా మొహంరా. మామూలుగానే ఇలా ఏడుస్తుంది."

చిన్నోడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు. కానీ కథ మాత్రం మళ్ళీ ఎత్తుకోలేదు. "పూర్తయ్యాక చెబుతాలే" అని సూది తీసుకుని అక్షరాల మీదకి వంగాడు. పూర్తయ్యాక చెప్పడని ఆమెకి తెలుసు. రేపు ఇస్తాలే అనే మాట ఎలా ఉంటుందో ఆ ఇంట్లో కనిపెట్టింది ఆమే.

ఇంటికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళబుద్ధి కాలేదు. వెలుతురు కిటికీలోంచి వాడి ఎడమవైపు నుంచి వస్తోంది, తను కూర్చున్నచోట తన నీడ సరిగ్గా వాడి సూది మీద పడుతోంది. ఆమె లేచి, స్టూలు ఎత్తుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి కుడివైపు వేసుకుంది. స్టూలు మరీ పొట్టిది, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళు దగ్గరికి లాక్కుని చేతులు చుట్టుకుంది. చిన్నోడు ఒకసారి ఇటు చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. మందుల దుకాణం పేరులో ఒక అక్షరం పూర్తయింది, రెండోది మొదలైంది. వాడు ఏమీ చెప్పడం లేదు. ఆమె ఊఁ కొట్టడానికి కూర్చునే ఉంది.